న్యూజెర్సీలో తుపాకీతో కాపురం

అమెరికాలో తుపాకీ కొనడం సంతలో కూరగాయలు కొన్నంత సులువని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు. టెక్సాస్ వంటి రాష్ట్రాల కబుర్లు విని ఏర్పడిన నమ్మకం అది, కొంతవరకు నిజం కూడా. అయితే నేను నివసించేది న్యూజెర్సీలో. తుపాకుల విషయంలో ఈ దేశంలోని అత్యంత కఠినమైన చట్టాలలో కొన్ని ఈ రాష్ట్రానివే. మట్టి బిళ్లలను గాలిలోకి ఎగరేసి కాల్చే ఆట కోసం ఒక షాట్‌గన్, కాగితపు గురి మీద సాధన కోసం ఒక పిస్టల్ నా దగ్గర ఉన్నాయి. వాటితో ఇక్కడ కాపురం చేయడమంటే ఏమిటో, అందులో నాకు న్యాయమనిపించేది ఏదో, అనిపించనిది ఏదో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

కొనడం దగ్గర మొదలుపెడతాను. రైఫిల్‌కైనా షాట్‌గన్‌కైనా ముందుగా కొనుగోలుదారు గుర్తింపు కార్డు సంపాదించాలి. పిస్టల్ కావాలంటే ఒక్కొక్క పిస్టల్‌కు ఒక్కొక్క పర్మిట్ విడిగా తీసుకోవాలి. రెండింటికీ దరఖాస్తు చేసుకోవలసింది మనం ఉండే టౌన్‌షిప్ పోలీసు అధికారికే; సొంత పోలీసు శాఖ లేని ఊళ్లలో స్టేట్ పోలీసులకు. వేలిముద్రలు ఇవ్వాలి. మానసిక ఆరోగ్య రికార్డులను వెతికి చూసేందుకు అనుమతిస్తూ సంతకం చేయాలి. భద్రతా శిక్షణ పొందినట్లు చూపాలి. మన నడవడికను గురించి చెప్పగల ఇద్దరి పేర్లు ఇవ్వాలి. 2022 డిసెంబరులో వచ్చిన చట్టంతో కార్డు రుసుము 5 డాలర్ల నుంచి 50కి, పిస్టల్ పర్మిట్ రుసుము 2 డాలర్ల నుంచి 25కి పెరిగాయి. పర్మిట్ 90 రోజులు చెల్లుతుంది, తగిన కారణం చూపితే మరో 90 రోజులు పొడిగిస్తారు. ఇవన్నీ చేతికి వచ్చాక కూడా దుకాణంలో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, ఫారం 4473 నింపాలి, అక్కడికక్కడే మరొకసారి తనిఖీ జరుగుతుంది.

ఈ వరుసలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఆ ఇద్దరి పేర్ల సంగతే. వేలిముద్రలు యంత్రం తీసుకుంటుంది, రుసుము కార్డుతో కట్టేస్తాము, కానీ “నేను తుపాకీ కొంటున్నాను, నా గురించి పోలీసులకు ఒక మాట చెప్పండి” అని తెలుగు మిత్రులను అడగడం అంత తేలిక కాదు. నేను మొదట అడిగిన ఆయన ఫోనులో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత గొంతు తగ్గించి, “ఎవరితోనైనా గొడవైందా అన్నా? ఏదైనా ఉంటే చెప్పండి, మేమంతా లేమా” అన్నారు. నవ్వు వచ్చినా ఆ ప్రశ్న సహజమైనదే. మన దగ్గర లైసెన్సు తుపాకీ అంటే రాజకీయమో, పాత కక్షో, లేదంటే పెద్ద ఆస్తో ఉన్నట్టు లెక్క. ఆటగా గురి చూసి కాల్చే మామూలు ఉద్యోగిని మనవాళ్లు తేలికగా ఊహించుకోలేరు.

దరఖాస్తు సక్రమంగా ఉంటే నెల రోజులలోగా నిర్ణయం చెప్పాలని చట్టంలో ఉంది. నాకు అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. నాది వినోదం కోసం చేసిన దరఖాస్తు కనుక ఆలస్యం వల్ల నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు. అందరి పరిస్థితీ ఇలా ఉండదు. 2015 జూన్‌లో ఈ రాష్ట్రంలోనే బెర్లిన్ టౌన్‌షిప్‌లో ఒక మహిళను ఆమె మాజీ ప్రియుడు ఇంటి ముందే పొడిచి చంపాడు. అప్పటికే ఆమె కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్నారు, ఏప్రిల్‌లోనే పిస్టల్ పర్మిట్‌కు దరఖాస్తు చేసి ఎదురుచూస్తున్నారు. పిస్టల్ చేతికి వచ్చి ఉంటే ఆమె బతికేవారా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ పౌరుడికి గడువు దాటితే శిక్ష వేసే చట్టం, అధికారి గడువు దాటితే చూస్తూ ఊరుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కొనేముందు ఇన్ని వడపోతలు ఉండడం మీద నాకు అభ్యంతరం లేదు. ఆ వడపోతలు చెప్పిన కాలంలో పూర్తి కావాలన్నదే నా పట్టు.

కొన్న తరువాత వస్తువులోనే కనిపించే తేడాలు కొన్ని ఉన్నాయి. నా పిస్టల్ రకానికి చాలా రాష్ట్రాలలో 17 తూటాలు పట్టే మ్యాగజైన్ (తూటాలు నింపి పిస్టల్‌లో అమర్చే డబ్బా) ఇస్తారు. ఇక్కడ 1990 నుంచి 15 అన్న పరిమితి ఉండేది, 2018లో దానిని 10కి తగ్గించారు. నా మ్యాగజైన్‌ను బయటి నుంచి చూస్తే 17 పట్టేదానికీ దానికీ తేడా తెలియదు, పొడవూ వెడల్పూ అవే. పదో తూటాను బొటనవేలితో నొక్కి లోపలికి దించాక పదకొండోది పెట్టబోతే మాత్రం అది గట్టిగా అడ్డం తిరుగుతుంది, ఎందుకంటే లోపల అడ్డు కట్టి ఉంటుంది. నది అవతల పెన్సిల్వేనియాలో దుకాణపు బల్ల మీద మామూలు సరుకుగా పడి ఉండే పెద్ద మ్యాగజైన్‌ను డెలావేర్ నది వంతెన దాటించి ఇటు తెస్తే, తుపాకీ లేకుండా అది ఒక్కటే కారులో ఉన్నా నేరమే. ఇంకో విచిత్రం చెప్పాలి: పిల్లలు ఆడుకునేవని మనం అనుకునే గాలి తుపాకులు, బీబీ గన్‌లు కూడా ఇక్కడి చట్టం ప్రకారం తుపాకులే, వాటికీ కార్డో పర్మిటో కావాలి. మన పల్లెటూరి ఉండేలు సైతం, సమంజసమైన కారణం చూపలేకపోతే, నిషిద్ధ ఆయుధాల జాబితాలోకి వస్తుంది. చిన్నప్పుడు మామిడి తోటల చుట్టూ తిరిగిన మన తరంలో సగం మంది ఇక్కడ పుట్టి ఉంటే ఏమయ్యేవారో!

అయితే న్యూజెర్సీలో తుపాకీ యజమానికి అసలు కష్టమంతా ఇంటికీ, గురి సాధన చేసే రేంజ్‌కీ మధ్య దారిలో ఉంటుంది. ఇక్కడి చట్టం పిస్టల్‌ను చూసే తీరు ఒకసారి అర్థమైతే తక్కిన చిక్కులన్నీ అర్థమవుతాయి. పిస్టల్ దగ్గర ఉంచుకోవడం ప్రధానంగా నేరం, మినహాయింపులు కొన్ని ఉన్నాయి అన్న పద్ధతిలో ఆ చట్టాన్ని రాశారు. సొంత ఇల్లు ఒక మినహాయింపు, సొంత వ్యాపార స్థలం ఒకటి, దుకాణం నుంచి ఇంటికి తెచ్చుకోవడం ఒకటి, మరమ్మతుకు తీసుకువెళ్లడం ఒకటి, రేంజ్‌కు వెళ్లిరావడం ఒకటి. ఆ దారి పొడవునా పిస్టల్‌లో తూటా ఉండకూడదు. అది మూసి బిగించిన పెట్టెలోనో, గట్టిగా కట్టిన మూటలోనో, తాళం వేసిన డిక్కీలోనో ఉండాలి. పరిస్థితులను బట్టి సహేతుకంగా అవసరమైనంత మేరకే దారి తప్పవచ్చు. స్నేహితుడి ఇంటికి పట్టుకెళ్లి చూపించడం ఈ జాబితాలో లేదు.

“సహేతుకంగా అవసరమైనంత” అన్న ఆ మాట మీదే నా శనివారాలు నడుస్తాయి. రేంజ్ నుంచి వచ్చే దారిలో పెట్రోలు పోయించుకోవడం అవసరమే, అందులో అనుమానం లేదు. (ఈ రాష్ట్రంలో మన పెట్రోలు మనం పోసుకోవడం కూడా 1949 నుంచి నిషేధం, పంపు దగ్గర పనివాడే పోయాలి.) దారిలో ఆగి మూత్రవిసర్జనకు వెళ్లడమూ అవసరమే. కానీ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు పక్కకు కారు తిప్పి ఒక మసాలా దోశ తిని, ఇంటికి కావలసిన గోంగూరా దోసకాయలూ కొనుక్కొని వెళ్లడం అవసరమా, సరదానా? చట్టం పాఠంలో దీనికి జవాబు లేదు. ఆ జవాబు చెప్పే అధికారం ఆ రోజు ఎదురైన పోలీసుకూ, తరువాత ప్రాసిక్యూటరుకూ, చివరికి జ్యూరీకీ ఉంటుంది. అందుకని నేను దోశ మానుకుంటాను. ఇంటికి వచ్చి, పెట్టె తీసి, తూటా గది ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, పిస్టల్‌ను ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాక మళ్లీ కారు తీసి ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్తాను. మా ఆవిడకు ఈ రెండు ప్రయాణాలూ చాదస్తంగా కనిపిస్తాయి. “ఒక్క దోశకు ఎవరు పట్టుకుంటారండీ” అంటుంది. పట్టుకునే అవకాశం చాలా తక్కువని నాకూ తెలుసు. పట్టుకుంటే జరిగేదే నాకు భయం.

అనుమతి లేకుండా పిస్టల్ దగ్గర ఉంచుకోవడం ఇక్కడ రెండో శ్రేణి నేరం. శిక్ష ఐదు నుంచి పదేళ్లు. గ్రేవ్స్ చట్టం ప్రకారం అందులో కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా జైలులో ఉండవలసిందే. దోపిడీకి బయలుదేరిన వాడి నడుములో దొరికిన పిస్టల్‌కూ, మరచిపోయి తప్పు చోట ఉంచిన గృహస్థు పిస్టల్‌కూ మొదటి ఆరోపణ పత్రంలో ఒకే సెక్షన్ పడుతుంది. 2013లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక యువతి, ఇద్దరు చిన్నపిల్లల తల్లి, అట్లాంటిక్ కౌంటీలో కారు నడుపుతుండగా పోలీసులు ఆపారు. ఆమెకు పెన్సిల్వేనియా లైసెన్సు ఉంది, అది ఇక్కడ చెల్లదన్నది ఆమెకు తెలియదు. తన దగ్గర తుపాకీ ఉందని తానే అధికారికి చెప్పింది. చెప్పినందుకే అరెస్టయింది, మూడున్నరేళ్ల జైలు ముంగిట నిలబడింది. 2014లో ప్రాసిక్యూటరు మనసు మార్చుకొని విచారణ లేని ప్రత్యామ్నాయ మార్గానికి ఒప్పుకున్నారు, అదే ఏడాది సెప్టెంబరులో ఇటువంటి బయటి రాష్ట్రాల వారి కేసులలో సడలింపు చూపవచ్చని రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం ప్రాసిక్యూటర్లకు సూచన ఇచ్చింది, 2015లో గవర్నర్ క్రిస్టీ ఆమెకు క్షమాభిక్ష ప్రసాదించారు. నిజం చెప్పినవాడు ఇరుక్కుని, దాచినవాడు తప్పించుకునే అవకాశం ఉన్న చట్టం ఎవరి భద్రత పెంచుతుందో నాకు తెలియదు.

నెవార్క్ విమానాశ్రయం కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌కు వెళ్తున్న ఒక ప్రయాణికుడు నిబంధనల ప్రకారమే తాళం వేసిన పెట్టెలో పిస్టల్ పెట్టి, విమాన సంస్థకు చెప్పి, సామానులో వేశాడు. నెవార్క్‌లో తరువాతి విమానం తప్పిపోయింది. సామాను అతని చేతికి ఇచ్చారు, రాత్రికి విమానాశ్రయం దగ్గరే హోటల్‌లో దిగాడు. మర్నాడు ఉదయం కౌంటర్ దగ్గరకు వెళ్లి మళ్లీ పద్ధతిగా తుపాకీ ఉందని చెప్పాడు, అక్కడే అరెస్టు చేశారు. కొన్ని రోజులు జైలులో ఉన్నాక కేసు ఎత్తివేశారు. తనకు జరిగిన అన్యాయానికి ఆయన వేసిన దావా మాత్రం 2010లో మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టులో ఓడిపోయింది. రాష్ట్రాల మీదుగా తుపాకీతో ప్రయాణించేవారిని కాపాడే 1986 నాటి ఫెడరల్ చట్టం, ప్రయాణమంతటా తుపాకీ చేతికి అందకుండా ఉంటేనే వర్తిస్తుందని, హోటల్ గదిలో ఆ రాత్రి పెట్టె ఆయన చేతికి అందుబాటులోనే ఉందని కోర్టు తేల్చింది. నెవార్క్ మీదుగా ఎక్కడికైనా వేటకు వెళ్లే మిత్రులు ఎవరైనా ఉంటే వారికి నేను చెప్పేది ఒకటే: విమానం తప్పితే ఆ సామాను తీసుకోకండి, విమాన సంస్థ దగ్గరే ఉంచమనండి.

ఇప్పుడు మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి. హెచ్-1బి మీదనో, ఎఫ్-1 మీదనో ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, శిక్ష 15 ఏళ్ల వరకు ఉండవచ్చు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు అమలులో ఉండడం వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకొని కాల్చడం కూడా ఈ నిషేధంలోకే వస్తుందని చాలామందికి తెలియదు. వారాంతంలో స్నేహితులతో రేంజ్‌కు వెళ్లి ఫొటోలు దిగి వాట్సాప్‌లో పెట్టే కుర్రాళ్లను చూసినప్పుడల్లా, వారు తమ నేరానికి తామే సాక్ష్యం తయారుచేసి పంచుతున్నారేమోనని భయపడతాను. గ్రీన్ కార్డు ఉన్నవారు చట్టబద్ధంగా తుపాకీ కొనవచ్చు. అయితే తుపాకీకి సంబంధించిన నేరం రుజువైతే అది వారిని దేశం నుంచి పంపించడానికి కూడా ఆధారమవుతుంది. ఇక్కడ పుట్టినవాడికి దారి తప్పడం జైలుతో పోయే సమస్య. గ్రీన్ కార్డు మీద ఉన్న మనవాడికి ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ ఆ దారిలోనే ఉంటాయి. నేను పౌరసత్వం వచ్చేవరకు ఆగింది ఇందుకే.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతాలో ఒక తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పుడు మనవాళ్ల సమావేశాలలో తుపాకీ కొనాలన్న మాట బాగా వినిపించింది. ఆ భయాన్ని నేను తేలిక చేయను. కానీ 2024 నవంబరులో జార్జియాలో, ఉప్పల్ నుంచి వచ్చిన ఒక విద్యార్థి తన పుట్టినరోజు నాడే వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా ప్రమాదవశాత్తు అది పేలి చనిపోయాడు. ఆ ఇంటి వారి గురించి ఆలోచించినప్పుడు, కొనేముందు శిక్షణ తప్పనిసరి చేసిన నా రాష్ట్రం మీద నాకు గౌరవం కలుగుతుంది. కఠినత్వం అంతా ఒకే రకమైనది కాదు. ప్రాణం కాపాడేది కొంత, కాగితం పెంచేది కొంత, అమాయకుణ్ణి జైలుకు పంపేది కొంత. ఇక్కడి వాదనలలో రెండు పక్షాలవారూ వీటిని కలగలిపి మాట్లాడతారు.

వెంట తుపాకీ పెట్టుకొని తిరిగే పర్మిట్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నేను దానికి దరఖాస్తు చేయలేదు. 2022 జూన్ 23న న్యూయార్క్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేవరకు న్యూజెర్సీలో ప్రత్యేకమైన, బలమైన కారణం చూపితే తప్ప అది దొరికేది కాదు. ఆ తీర్పుతో ఆ షరతు పోయింది. ఆ డిసెంబరులోనే రాష్ట్రం కొత్త చట్టం చేసి, 200 డాలర్ల రుసుము, నలుగురి హామీ, తుపాకీ తీసుకువెళ్లకూడని ప్రదేశాల పెద్ద జాబితా తెచ్చింది. ఆ జాబితా మీద వ్యాజ్యాలు నడిచాయి. ఏ నెలలో ఏ చోటు నిషిద్ధమో తెలుసుకోవడానికి తీర్పులు చదువుతూ ఉండాలి. అంత శ్రమకు తగిన భయం నా జీవితంలో లేదు. పైగా మా వీధిలో నేను చొక్కా కింద పిస్టల్‌తో తిరిగితే ఎవరికి మేలు?

మా తాతగారికి నల్లమల అంచున, ప్రకాశం జిల్లా పల్లెలో ఒక లైసెన్సు తుపాకీ ఉండేది. అడవి పందులు వేరుశనగ చేలను తవ్వేస్తుంటే ఆయన దాన్ని ఎక్కువగా గాలిలోకే పేల్చేవారు. ఎన్నికల ప్రకటన రాగానే దాన్ని గోనెగుడ్డలో చుట్టి ఠాణాలో అప్పగించి, రసీదు జేబులో పెట్టుకొని వచ్చేవారు. ఓట్ల లెక్కింపు అయ్యాక వెళ్లి తెచ్చుకునేవారు. 1959 నాటి మన ఆయుధాల చట్టం కింద లైసెన్సు అనేది ప్రభుత్వం తలచుకుంటే ఇచ్చేది. ఇక్కడ 2008, 2010 సుప్రీంకోర్టు తీర్పుల తరువాత ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కుగా స్థిరపడింది. కాగితం మీద ఆయనకు లేని హక్కు నాకు ఉంది. అయినా ఆయన ఆ తుపాకీని భుజాన వేసుకొని ఊరి మధ్యగా చేను దాకా నడిచి వెళ్లేవారు, దారిలో టీ కొట్టు దగ్గర ఆగేవారు కూడా. నేను దోశ కోసం ఆగలేను.

ఇంట్లో మాత్రం నేను చట్టం అడిగినదానికంటే ఎక్కువే చేస్తాను. ఇనప్పెట్టెను గోడలోని కలపకు బోల్టులతో బిగించాను. తూటాలు వేరే అరలో, వేరే తాళంతో ఉంటాయి. ఆడుకోవడానికి వచ్చే పిల్లల తల్లిదండ్రులకు ముందే చెబుతాను. అలా చెప్పాక ఒక కుటుంబం పిల్లవాణ్ణి పంపడం మానేసింది. వారిని నేను తప్పుపట్టను. అడగకుండా పంపేవారి గురించే నాకు ఎక్కువ బెంగ.

ఈమధ్యే పౌరసత్వం వచ్చిన ఒక మిత్రుడు తన కార్డు దరఖాస్తుకు నా పేరు ఇస్తానన్నాడు. మంచివాడు, తాగడు, కోపిష్టి కాదు. పోలీసులు పంపే ఫారంలోని ప్రశ్నలన్నింటికీ నేను నిశ్చింతగా జవాబు రాయవచ్చు. తుపాకీ ఎక్కడ పెడతావని అడిగాను. బీరువా పై అరలో, బట్టల వెనకాల అన్నాడు. వాళ్లింట్లో ఇద్దరు మగపిల్లలు, పెద్దవాడు కుర్చీ వేసుకొని అటక మీది లడ్డూల డబ్బా దించుతాడని వాళ్లమ్మే చెబుతుంది. ముందు ఇనప్పెట్టె కొను, తరువాత నా పేరు ఇవ్వు అన్నాను. కొంచెం నొచ్చుకున్నాడు, కానీ కొన్నాడు. ఈ శనివారం డ్రిల్లింగ్ యంత్రం పట్టుకొని వెళ్లి దాన్ని గోడకు బిగించి వస్తాను. దరఖాస్తులో నా పేరు ఆ తరువాతే రాసుకొమ్మన్నాను.